అత్తమ్మకు వాసన పోయిన ఏడాది

మాది ఆలూరు. పెళ్లయి చేవెళ్లకు వచ్చేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు. రెండూళ్ల మధ్య పెద్ద దూరమేమీ లేదు కానీ ఆలుగడ్డ విషయంలో మాత్రం వేరే రాజ్యంలోకి వచ్చినట్టే అనిపించింది. మా అమ్మ ఆలుగడ్డను టమాటాతో కలిపి, అన్నంలోకి జారేలా పలుచగా వండేది. మా అత్తమ్మ వేయించేది. ఆమె చేతి ఆలుగడ్డ తినడానికే మా దగ్గర్లోని ప్రొద్దుటూరు నుంచి ఆమె తమ్ముడు నెలకోసారి వచ్చేవాడు.

ఆ కూర ఎలా చేస్తుందో నాలుగేళ్లు నేను పక్కనుంచి చూశానే తప్ప చేయలేదు. గడ్డల్ని ఉప్పునీళ్లలో తొక్కతోనే ఉడికించి, పూర్తిగా మెత్తబడకముందే దించేది. చల్లారాక పొట్టు తీసి ముక్కలు కోయడం నా పని. అక్కడితో నా పని అయిపోయేది. "నువ్వు జర అవతలికి జరుగు బిడ్డా" అనేది. ముక్కల్ని ఇనుప కడాయిలో పరిచి, ఎర్రగా కాలేదాకా గరిటె పెట్టకుండా వదిలేసేది. రెండో పొయ్యి మీద ధనియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు దోరగా వేయించి, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి చిన్న రోట్లో దంచేది. చివర్లో ఆ పొడి చల్లి, రెండుసార్లు తిప్పి దించేసేది.

ఆమె కసురుకున్న రోజు ఒక్కటీ లేదు. అయినా ఆ పొయ్యి ముందు నేనెప్పుడూ చుట్టంలాగానే ఉన్నాను. మామగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో ఉండేది ముగ్గురమే. మా ఆయన ఎకరన్నరలో చామంతి వేస్తాడు. నేను మొయినాబాద్ దగ్గర ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం వచ్చేదాన్ని కాబట్టి వంట నా చేతికి రాలేదని బయటికి అనడానికి నాకు నోరుండేది కాదు. లోపల మాత్రం ఉండేది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా ముగ్గురికీ సోకింది. మేమిద్దరం వారం రోజుల్లో లేచాం. అత్తమ్మ ఇరవై రోజులు మంచం దిగలేదు. దిగిన రోజునే, వద్దంటున్నా వినకుండా, పొయ్యి దగ్గరికి పోయింది.

అప్పటి నుంచి కూరలు తేడాగా ఉండేవి. ఒకరోజు పప్పు అడుగంటింది. ఇంకోరోజు ఆలుగడ్డలో ధనియాలు నల్లగా మాడి చేదెక్కాయి. మా ఆయన పళ్లెంలోంచి తల ఎత్తకుండా తిని లేచిపోయాడు. నీరసం ఇంకా పోలేదు, అందుకే అనుకున్నాం ఇద్దరం. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ మాడిన కూర నోట్లో పెట్టుకున్నప్పుడు నాకు జాలి కన్నా ముందు కొంచెం సంతోషం కలిగింది. ఇంతకాలం నన్ను అవతలికి జరగమన్న చెయ్యి కూడా తప్పుతుందన్నమాట అనుకున్నాను. తర్వాత చాలా రోజులు ఆ సంతోషం గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

అత్తమ్మ మా ఎదురుగా కూర్చుని, మేం మొదటి ముద్ద తినేటప్పుడు మా మొహాలు చూసేది. అంతకుముందు ఎప్పుడూ అలా చూసేది కాదు. నేను గమనించాను కానీ ఎందుకని ఆలోచించలేదు.

ఒక శనివారం కాలేజీ సగం పూటే కావడంతో మధ్యాహ్నం రెండింటికల్లా ఇంటికొచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోయగానే గ్యాసు వాసన మొహానికి కొట్టింది. అత్తమ్మ వంటింటి గడపకు రెండడుగుల దూరంలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. ఏమీ కానట్టే ఉంది. నేను చెప్పులతోనే లోపలికి పరుగెత్తాను. పాలు పొంగి మంట ఆరిపోయింది, పొయ్యి మీట మాత్రం తెరిచే ఉంది. సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచి, ఆమెను రెక్క పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చాను.

"ఏమైంది బిడ్డా, గట్ల ఉరికొస్తివి?" అంది.

"గ్యాసు వాసన వస్తలేదా అత్తమ్మా నీకు?"

ఆమె చేటలోంచి రాలిన పప్పు గింజ ఒకటి చీర కుచ్చిళ్లలో పడితే దాన్ని తీసి చేతిలో పట్టుకుంది. అప్పుడు అంది: "ఏ వాసనా వస్తలేదు. జ్వరం వచ్చినప్పటి సంది ఏదీ వస్తలేదు. అగరుబత్తి ముక్కు కాడ పెట్టుకొని చూసిన. ఎల్లిపాయ నలిపి చూసిన. ఏం లేదు."

"మరి మాకెందుకు చెప్పలే?"

"చెప్తే నన్ను పొయ్యి కాడికి రానిస్తరా?"

మూడు నెలలు ఆమె ఆ విషయం మా దగ్గర దాచింది. రుచి చూస్తే ఉప్పూ కారమూ నాలుకకు కొంచెం తెలుస్తాయట, మిగతాదంతా అట్ట ముక్క నమిలినట్టే ఉంటుందట. మా మొహాలు చూసి కూర ఎలా వచ్చిందో ఊహించుకునేదట. కొడుక్కు చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే పొయ్యి వెలిగిస్తానని మాట ఇచ్చింది. నేను సరేనన్నాను.

ఆ మాట మీద ఐదు రోజులకు మించి నిలబడలేకపోయాను. లైబ్రరీలో కూర్చుంటే కళ్ల ముందు ఆ చేటా, ఆ తలుపూ కనిపించేవి. గంటకోసారి ఫోన్ చేసి ఏం చేస్తున్నావని అడిగేదాన్ని. ఒకసారి ఆమె వెంటనే ఎత్తకపోతే ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పేశాను.

ఆయన మనసు మంచిది. ఆ మంచితనంతోనే, ఆమె దేనికి భయపడిందో అదే చేశాడు. చెవి, ముక్కు డాక్టరుకు చూపించాడు. వాసన రావచ్చు, రాకపోవచ్చు, రోజూ నాలుగైదు ఘాటైన వస్తువులు వాసన చూస్తూ ఉండమని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చాక మా ఆయన తల్లిని కూర్చోబెట్టి, ఇన్నేళ్లు చేసింది చాలు, ఇక కూర్చుని తినమన్నాడు. పొద్దున్నే నేను వండిపెట్టి వెళ్లాలి, మేం బయటికెళ్లేటప్పుడు సిలిండరు కట్టేసి వెళ్లాలి. అత్తమ్మ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది.

నాలుగేళ్లుగా నేను కోరుకున్న పొయ్యి అలా నా చేతికొచ్చింది. దాని ముందు నిలబడితే సంతోషం మాత్రం లేదు. అత్తమ్మ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చునేది. డాక్టరు చెప్పిన వస్తువులు వారం రోజులు వాసన చూసి డబ్బాలో పెట్టేసింది. తిండి సగానికి తగ్గింది. పక్కింటివాళ్లు పలకరించినా, బాగానే ఉన్న అని ఊరుకునేది. ఎప్పుడూ బిగించి ముడేసుకునే జుట్టు వదులుగా మెడ మీదికి జారి ఉండేది.

ఇలా రెండు నెలలు గడిచాక ప్రొద్దుటూరు మామయ్య ఫోన్ చేశాడు. ఆయనకు కూడా అదే జ్వరం గట్టిగా వచ్చి తగ్గింది, అందుకే ఇన్ని నెలలు రాలేదు. తగ్గితే చిల్కూరు గుడిలో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకున్నాడట. ఆదివారం అది తీర్చుకుని మొయినాబాద్ దాకా ఆటోలో, అక్కడి నుంచి బస్సులో మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. అక్కను ఆలుగడ్డ చేసి పెట్టమన్నాడు. ఇక్కడి సంగతి ఆయనకు తెలియదు.

మా ఆయన హోటల్లో బిర్యానీ చెప్దామన్నాడు. నేను వద్దన్నాను. ఆలుగడ్డ నేనే చేస్తానన్నాను. అన్నాను కానీ ఎప్పుడూ చేసింది లేదు. ఆదివారం పొద్దున గడ్డలు ఉడకబెట్టి, అరుగు మీదికి పోయి అత్తమ్మ ముందు నిలబడ్డాను.

"అత్తమ్మా, జర లోపలికి రా. ధనియాలు ఎంతసేపు వేయించాల్నో నాకు తెల్వదు."

"నాకు మాత్రం ఏం తెలుస్తది ఇప్పుడు?"

"వాసన నేను చెప్త. ఎప్పుడు దించాల్నో నువ్వు చెప్పు."

ఆమె నా మొహం చూసింది. ఇంత చేసి ఇప్పుడు పిలుస్తున్నావా అన్నట్టుంది ఆ చూపు. నేను కళ్లు దించుకున్నాను. ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టాను. కడాయిలో ముక్కలు పరిచాను. నేను రెండుసార్లు గరిటె తీసుకుంటే రెండుసార్లూ ఆపింది. తలుపు వైపు చూస్తూ కూర్చుంది కానీ చెవి మాత్రం కడాయి మీదే ఉంది. మొదట ముక్కల్లోని తడికి నూనె గట్టిగా చిటపటలాడింది. అది మెల్లగా తగ్గి, సన్నటి చప్పుడైంది. "ఇప్పుడు తిప్పు" అంది. తిప్పితే అడుగున ఇటుక రంగు పొర కట్టి ఉంది. ఆమె కడాయిలోకి చూడనే లేదు.

తర్వాత ధనియాలు. సన్న మంట మీద వేయించడం మొదలుపెట్టాను.

"ఎట్ల వస్తున్నది?" అని అడిగింది.

"పచ్చిగ, గడ్డి లెక్క."

"ఇంక తిప్పు." కాసేపాగి మళ్లీ అడిగింది.

"ఇప్పుడు గడ్డి వాసన పోయింది. కమ్మగ వస్తున్నది."

"కమ్మగ అంటే ఎట్ల?"

కళ్లు మూసుకుని పీల్చాను. అప్పుడు తెలిసింది. "సంత్రా పండు తొక్క వొలిచినట్టు" అన్నాను.

అత్తమ్మ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. "గదే. గదే వాసన. దించు, లేకుంటే మాడుతది."

నలభై ఏళ్లు ఆ కూర చేసిన మనిషి ఆ వాసనకు ఎప్పుడూ పేరు పెట్టుకోలేదట. అవసరం రాలేదు, ముక్కే చెప్పేది. నేను దంచుతుంటే రోకలి చప్పుడు విని ఇంకా దంచాలనీ చాలనీ చెప్పింది. వెల్లుల్లి ఎక్కువైందా అని అడిగితే, ఎక్కువైతే కళ్లు మండుతాయి కదా, నాకు మండట్లేదు అంది. కూర దించేసరికి ఆమె పీట మీద కాదు, పొయ్యి ముందు నా పక్కనే నిలబడి ఉంది. ఆమె ఎప్పుడు లేచిందో ఇద్దరం చూసుకోలేదు.

మామయ్య పన్నెండున్నరకు వచ్చాడు. తిరిగీ తిరిగీ పాదాలు పట్టేసి, మెట్టెక్కడానికి గోడ పట్టుకున్నాడు. అన్నం పెట్టాం. మొదటి ముద్ద తిని ఆగాడు. మా ముగ్గురి చూపులూ ఆయన నోటి మీదే ఉన్నాయి.

"అక్కా, మునుపటి లెక్క లేదు" అన్నాడు. ఇంకో ముద్ద తిని, "కారం జర తక్కువైంది. గని మంచిగనే ఉన్నది, ఇంకింత వెయ్యి" అన్నాడు.

అప్పుడు అత్తమ్మ తనంతట తానే చెప్పింది. వాసన పోయిందని, చేసింది కోడలని, తాను పక్కన కూర్చుని చెప్పానని. ఆ మాట డాక్టరుకు కాక ఇంటి బయటి మనిషితో ఆమె చెప్పడం అదే మొదటిసారి. మామయ్య చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. తనకూ రెండు నెలలు ఏ రుచీ తెలియలేదని, పెద్దతనంలో ఇదేం చోద్యమని నవ్వుతారేమోనని ఇంట్లో చెప్పలేదని అన్నాడు. తర్వాత తనకు మెల్లగా వచ్చిందట. ఇద్దరూ ఏది ఎలా అనిపించేదో చెప్పుకుంటూ అరగంట కూర్చున్నారు. చింతపండు పులుసు వేడినీళ్లలా ఉండేదని ఆయనంటే, నాకూ అంతే అంటూ అత్తమ్మ నవ్వింది. ఆ ఏడాది ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

ఆయన వెళ్లాక గిన్నెలు కడుగుతూ, కొడుక్కు చెప్పినందుకు కోపమొచ్చిందా అని అడిగాను.

"వచ్చింది" అంది. "నువ్వు చెప్పింది తప్పు గాదు, నాకు ఎరుకే. గని, ఈ ఇంట్ల నన్ను అడిగి చేసే పని ఏముండె? పొలం సంగతి మీ మామ చూసుకునె. ఇప్పుడు వాడు చూసుకుంటున్నడు. నన్ను అడిగెటిది ఒక్కటే, ఈ పూట ఏం కూర అని. అందుకే నిన్ను రానియ్యలే. అది గూడ పోతే నాకేముంటది అనుకున్న."

నా చేతిలోని కడాయిని తోముతూనే ఉన్నాను. ఆమె కడిగిన గిన్నెలు తుడిచి ఒక్కొక్కటే బోర్లించింది.

మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి అదంతా విన్నాడు. మర్నాడు పొద్దున పొలానికి పోయేముందు తల్లి దగ్గరికొచ్చి, "అమ్మా, ఈ పూట ఏం కూర?" అని అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించి బీరకాయ అంది.

అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం మేమిద్దరం కలిసే వండుతున్నాం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పొయ్యి వెలిగించనన్న మాట ఆమె తప్పలేదు. డాక్టరు చెప్పిన వస్తువుల డబ్బా మళ్లీ తీసింది. ఏడాది దాటాక ఒక ఉదయం కర్పూరం వాసన తెలిసిందని నన్ను నిద్ర లేపి మరీ చెప్పింది. తర్వాత నిమ్మకాయ వచ్చింది. ఉల్లిగడ్డ మాత్రం కుళ్లిన వాసన వస్తుందని చాలాకాలం తిట్టుకుంది. ధనియాల వాసన ఇప్పటికీ పూర్తిగా రాలేదు. కొన్ని రోజులు వచ్చినట్టు ఉంటుందట, కొన్ని రోజులు ఉండదట. రాని రోజు నన్ను అడుగుతుంది. వచ్చిన రోజున కూడా ఒకసారి అడుగుతుంది.