యాకుత్‌పురా నుంచి ఛత్రినాక దాకా: అక్క ఉప్పు చూసిన హలీం

నోటికి రుచి తిరిగొచ్చిందని అక్క చెప్పిన మాట మీద మొదలైన ప్రయాణం ఇది. అందుకే దారి కంటే ముందు అక్క గురించి చెప్పాలి. మాది మచిలీపట్నం. అక్క విద్యానగర్‌లో చాలా ఏళ్లు కర్రీ పాయింట్ నడిపింది. చేపల పులుసు, గోంగూర రొయ్యలు, దోసకాయ పప్పు. పదకొండు కాకముందే జనం స్టీలు డబ్బాలు పట్టుకుని నిలబడేవాళ్లు. కిందటేడు గొంతులో గడ్డ వస్తే రేడియేషన్ ఇచ్చారు. గడ్డ పోయింది, దేవుడి దయ. దాంతోపాటు రుచీ పోయింది. అన్నం పెడితే సున్నం అనేది, పులుసు పోస్తే వేడినీళ్లు అనేది. కొందరికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి పూర్తిగా రాదు అన్నారు డాక్టరుగారు. మేం మొదటి సగమే చెవిన వేసుకున్నాం. షాపుకి తాళం పడింది.

అలాంటిది రంజాన్ నెల మొదట్లో ఒక సాయంత్రం ఫోన్ చేసింది. "వచ్చేసిందే! మిరపకాయ బజ్జీ తిన్నాను, నోరు భగ్గుమంది. ఎన్నాళ్లయిందే ఇలా అనిపించి!" అంటూ ఏడ్చేసింది. నేనూ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సోమవారం షాపు తెరుస్తానంది. బోర్డుకి రంగు వేయించింది, కూరగాయలతనికి, చేపలావిడకి కబురు పెట్టేసింది. "ఈలోపు నన్ను ఎక్కడికైనా తీసుకెళ్లి మంచి తిండి పెట్టించవే. నా చేతి వంట కాకుండా" అంది. రంజాన్ నెలలో పాతబస్తీని మించిన చోటేముంది? శనివారం నాకు సెలవు, బయల్దేరాం.

మీరూ ఈ దారిన వెళ్లాలనుకుంటే విద్యానగర్ స్టేషన్‌లో ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కి యాకుత్‌పురాలో దిగండి. టికెట్ పది రూపాయల లోపే. బండి మాత్రం దాని ఇష్టం. రెండున్నర బండి కోసం వెళితే అది మూడు దాటాక తాపీగా వచ్చింది. సీటు దొరకగానే అక్క సోమవారం వంటలు మొదలుపెట్టింది. "మొదటిరోజు రొయ్యలు వద్దులే, ధర మండిపోతోంది. పులుసు, పప్పు, గుత్తివంకాయ చేద్దాం. ఏంటే, మాట్లాడవేం?" అంది. "నీ మొహం చూస్తున్నా. ఎన్నాళ్లకి నవ్వావో" అన్నాను. "చాల్లే సంబడం" అని కిటికీ వైపు తిరిగింది కానీ నవ్వు మాత్రం దాగలేదు.

స్టేషన్ బయట ఆటోకి డెబ్భై అడిగారు, బేరమాడితే యాభైకి లాడ్ బజార్ దగ్గర దింపారు. ఒక సంగతి చెప్పాలి. రంజాన్ పగలు తిండి కోసం పాతబస్తీకి వెళితే పస్తే. హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి, తెరిచి ఉన్నవాటికి పరదాలు కట్టి ఉంటాయి. ఉపవాసం ఉన్నవాళ్ల ముందు నిలబడి నమలడం మనకే బాగుండదు. కాబట్టి మధ్యాహ్నం గాజులు చూడండి, పళ్లు కొనుక్కోండి, నోరు కట్టుకోండి. అక్కకి రేడియేషన్ తర్వాత నోరు ఎండిపోతుంటుంది, రెండు నిమిషాలకోసారి తడుపుకోవాలి. పమిట చాటున సీసా దాచుకుని దొంగలా తాగుతుంటే గాజులమ్మే పెద్దాయన చూసేశాడు. "తాగమ్మా, ఆరామ్‌సే తాగు. రోజా మాది, నీది కాదు గదా" అని స్టూలు జరిపాడు. అక్క సిగ్గుపడి ఆయన దగ్గర రెండు డజన్ల ఎర్రగాజులు కొంది. "పులుసు కలిపేటప్పుడు ఎలాగూ పైకి తోసేస్తాను. అయినా సరే" అంటూ అక్కడికక్కడే వేసుకుంది.

నాలుగున్నరకి మళ్లీ ఆటో ఎక్కాం. డ్రైవర్ పేరు యాదగిరి, ఛత్రినాకలో ఉంటాడు. మంచి హలీం ఎక్కడ దొరుకుతుందని అడిగాను. "పెద్ద హోటళ్లకు పోతే లైన్ల నిలబడి నిలబడి కాళ్లు గుంజుతయ్ మేడం. మా గల్లీ పక్కన జహంగీర్ భాయ్ భట్టీ ఉంది. మస్తుంటది. మీరు నీసు తింటరు గదా?" అని వెనక్కి తిరిగి మరీ అడిగాడు. "బందరోళ్లం బాబూ, చేప లేందే ముద్ద దిగదు" అంది అక్క. "గట్లయితే మంచిగైంది" అని ఆటో ఉరికించాడు. ఎనభై రూపాయలు తీసుకున్నాడు, న్యాయమే.

గల్లీ మొదట్లోనే ఉంది భట్టీ. మట్టితో కట్టిన పొయ్యి, అందులో మెడదాకా దిగిన పెద్ద దేగ్చా. ఇద్దరు మనుషులు చెమటలు కారుస్తూ పొడవాటి కర్రలతో మాంసాన్నీ గోధుమల్నీ కలిపి దంచుతున్నారు. జహంగీర్ భాయ్ యాభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు. మమ్మల్ని చూడకుండానే యాదగిరిని నిలేశాడు. "ఆగయా? ఉప్పు ఎవరు చూస్తరు ఇయ్యాల? టైమైతాంది!"

యాదగిరి మా వైపు తిరిగాడు. "వీళ్లందరు రోజా మీదుంటరు మేడం. సుక్క గూడ నాలిక మీద పెట్టరు. రోజూ ఉప్పు నేనే చూస్త. శనివారం నేను నీసు ముట్ట, ఆ దినం మా తమ్ముడు చూస్తడు. వానికి ఇయ్యాల డ్యూటీ పడ్డది. జర మీరు చూసి చెప్పున్రి, ఏమనుకోకుండ్రి." నీసు తింటారా అని ఎందుకంత శ్రద్ధగా అడిగాడో అప్పుడు తెలిసింది. వీడి అసాధ్యం కూల, కిరాయికి కిరాయి, పనికి పని!

నేను నోరు తెరిచేలోపే అక్క ముందుకెళ్లింది. చెంగు నడుముకి దోపుకుంది. "నేను చూస్తాను భాయ్. నేనూ వంటమనిషినే. సోమవారం నుంచి నా షాపు మళ్లీ తెరుస్తున్నా" అంది. "అరె వా, ఉస్తాదే వచ్చిన్రు!" అని భాయ్ సంబరపడ్డాడు. సగం ఉప్పు మాంసంతో పాటు వేస్తారట, మిగతా సగం దంచడం అయ్యాక, ఉప్పు చూసినవాళ్లు చెప్పినంత. నెయ్యి పోసే ముందు ఇదే ఆఖరి పని. చిన్న స్టీలు ప్లేటులో రెండు చెంచాల హలీం వేసి ఇచ్చాడు. దంచేవాళ్లు కర్రలు ఆపి నిలబడ్డారు.

అక్క ఊదుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. షాపులో పులుసు చూసేటప్పుడు సరిగ్గా ఇలాగే మూసుకునేది, ఎంత ముద్దొచ్చిందో నాకు. "మిరియం బాగా తెలుస్తోంది భాయ్. ఉప్పు సరిపోయింది. ఇంక ఒక్క రాయి కూడా వేయొద్దు" అంది. "షుకర్ హై" అని భాయ్ నెయ్యి డబ్బా అందుకున్నాడు. ప్లేటులో కొంచెం మిగిలితే, ఆ సంతోషంలోనే నేను వేలితో తీసుకుని నాకాను.

చప్పిడి. కాస్త తక్కువ అని సర్దుకునేంత తేడా కాదు, చిన్నపిల్లలు కూడా మొహం ముడుచుకునేంత చప్పిడి.

నోరు మూసుకుందామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఉప్పు తగ్గితే ఎవరూ చచ్చిపోరు, నిమ్మకాయ పిండుకుని తినేస్తారు. కానీ తెల్లారకముందు తిని రోజంతా మంచినీళ్లు కూడా ముట్టని మనుషులు గల్లీలో గిన్నెలు పట్టుకుని చేరుతున్నారు. పైగా ఈవేళ దాచినా సోమవారం ఎవరు దాస్తారు? మొదటి డబ్బా తీసుకెళ్లినవాళ్లే సాయంత్రానికి వచ్చి అడుగుతారు. "భాయ్, ఆగండి. ఉప్పు లేదు" అన్నాను.

అక్క నా వైపు చూసింది. కోపం కాదు. నేనేదో వేళాకోళం ఆడుతున్నానేమో అన్నట్టు చూసింది, తర్వాత నా మొహం చూసి అర్థం చేసుకుంది. భాయ్ నెయ్యి డబ్బా పక్కన పెట్టాడు. పిడికెడు ఉప్పు వేసి కలిపించి, మర్యాదగా మళ్లీ అక్కకే ప్లేటు చాపాడు. "ఇప్పుడు చూడమ్మా." అక్క చెయ్యి చాపలేదు. "దానికివ్వండి భాయ్. నాకు తెలీదు" అంది. ఆ మాట వినడం కంటే నేను కళ్లు తిరిగి పడిపోయినా బాగుండేది. రెండుసార్లు ఉప్పు వేయించాను. యాదగిరి ఆటో దగ్గరికెళ్లి ఊరికే అద్దం తుడుస్తూ నిలబడ్డాడు.

ఆరున్నర దగ్గర ఉపవాసం విడిచే సైరన్ మోగింది. భాయ్ మాకూ ఖర్జూరాలిచ్చి, తను నీళ్లు తాగాక ప్లేట్లు పంపించాడు. ప్లేటు నూటయాభై. పైన వేయించిన ఉల్లిపాయలు, పుదీనా, నెయ్యి తేలుతూ. నిజం చెప్పాలంటే నేను ఈ ఊళ్లో తిన్న మంచి హలీం అదే. అక్క ఒక్క మెతుకు వదలకుండా తింది. "ఎట్లుందమ్మా?" అని భాయ్ వచ్చి అడిగితే "చాలా బాగుంది భాయ్, మెత్తగా ఉంది" అంది. అంతకంటే ఏం చెప్పగలదు?

తిరుగు బండి కోసం యాకుత్‌పురా స్టేషన్‌లో చాలాసేపు కూర్చున్నాం. అప్పుడు చెప్పింది. "మంట తెలుస్తోందే. బజ్జీ మంట తెలిసింది, ఇందాక మిరియం మంట తెలిసింది. మంట ఒక్కటే తెలుస్తోంది. బందరు నోరు కదా, కారం తగలగానే అన్నీ వచ్చేశాయనుకుంది." నేను తొందరపడి, పొద్దున్నే వచ్చి ఉప్పూ పులుపూ నేను చూసిపెడతాను, ఆఫీసుకి అక్కణ్నించే వెళతాను అన్నాను. "నువ్వు చూస్తే అది నీ వంట అవుతుంది, నాది కాదు" అని ఫోన్ తీసింది. చేపలావిడకి, కూరగాయలతనికి సోమవారం వద్దని చెప్పింది. ఎందుకని వాళ్లడిగితే ఒంట్లో బాగాలేదంది.

ఈ టపా రాసేసరికి అక్క షాపులో వేరేవాళ్లు జిరాక్స్ మిషన్ పెట్టారు. పాతబస్తీ తిండి గురించి రాయమని మీరడిగారు కాబట్టి రాశాను కానీ, ఆ సాయంత్రం నాకు మిగిలింది తిండి కాదు. డాక్టరుగారు చెప్పిన రెండో సగం ఎవరికో వర్తిస్తుందనుకున్నాను, అది మా అక్కకే. జహంగీర్ భాయ్ భట్టీకి వెళితే మాత్రం ఐదింటికల్లా చేరండి, ఆరు దాటితే నిలబడే చోటు ఉండదు. ఉప్పు చూడమని ప్లేటు చాపితే, మీ పక్కనున్న మనిషి చెయ్యి చాపేలోపే మీరు అందుకోండి.