రత్నక్క చేసిన రెండు తప్పులు

మా రత్నక్క ఇక లేరు. గురువారం ఉదయం బేరిగై నుంచి ఆమె భర్త ఫోన్ చేసి, “మీ అక్క పోయిందప్పా, గుండె ఆగిపోయింది” అన్నప్పుడు నేను హోసూరు ఆఫీసులో ఆమె కుర్చీ వైపు చూస్తూ, ఇంకా రాలేదేమిటని విసుక్కుంటున్నాను. ఆ హఠాద్వార్త విన్నాక ఆ విసుగును ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ రోజు నుంచి మనసుకు స్థిమితం లేదు. ఈ నాలుగు మాటలూ లేచి తిరుగుతూ, మళ్ళీ కూర్చుంటూ రాస్తున్నాను.

మేమంతా రత్నక్క అని పిలిచే నాగరత్నమ్మగారు మా చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో నెట్‌వర్క్ బాధ్యురాలు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల అప్లికేషన్లను మేము కంటైనర్లలో నడుపుతాం. కంటైనరంటే సర్వర్ లోపల ఒక్కో అప్లికేషన్‌ను విడిగా ఉంచే పెట్టె అనుకోండి. ఆ పెట్టెలు ఒకదానితో ఒకటీ, బయటి యంత్రాలతోనూ మాట్లాడుకోవాలంటే వాటికి అడ్రసులివ్వాలి, దారులు చూపాలి. ఆ పని ఆమెది. సవ్యంగా సాగినంతకాలం ఎవరికీ గుర్తుకురాని పని అది.

కొత్తగా చేరినవారికి మొదటి రోజే ఆమె తన తప్పు చెప్పేవారు. నేను ఆంధ్ర నుంచి వచ్చి చేరిన రోజూ చెప్పారు. “సూళగిరి ఫ్యాక్టరీలో కంటైనర్లకు నేనిచ్చిన అడ్రసులూ, ఆడుండే ప్రింటర్లకు ముందే ఉన్న అడ్రసులూ ఒకటే అయిపోయినాయప్పా. చూసుకోలేదు. లేబుల్ అచ్చెయ్యమని పంపితే అది బయటికి పోకుండా సర్వర్ లోపలే తిరిగింది. లేబుళ్ళు లేక లారీలన్నీ గేటుకాడ నిలిచిపోయినాయి. చేసింది నేనే.” ఇంత చెప్పి హాయిగా నవ్వేవారు. అంతటి అనుభవజ్ఞురాలు తన పొరపాటును అలా నిస్సంకోచంగా చాటుకోవడం చూసి నాకు మొదట చిరాకేసింది. గౌరవం తరువాత కలిగింది.

ఆ తప్పులోంచే ఆమె నియమం పుట్టింది. సెట్టింగులు ఎవరు రాసినా సరే, ఒకరు పైకి చదవాలి. ఇంకొకరు ఫ్యాక్టరీ అడ్రసుల పట్టిక ముందు పెట్టుకుని, విని, సరిచూసుకుని టైపు చెయ్యాలి. కాపీ చేసి అతికిస్తే ఊరుకునేవారు కాదు. నాకా తొందర ఎక్కువ. “ఇంత నిదానమైతే ఎలాగక్కా, స్క్రీన్ మీద కనబడుతోంది కదా” అనేవాణ్ణి.

“కంటికి అలవాటైపోతే తప్పు కనపడదప్పా. చెవికి ఇంకా అలవాటు కాలేదు. చదువు” అనేవారు.

ఆమె పోయాక వచ్చిన ఆదివారమే సూళగిరిలో కొత్త షెడ్డు కోసం అడ్రసులు మార్చాల్సి వచ్చింది. సోమవారం ఉదయం అక్కడ పని మొదలు. ఆ సెట్టింగులు సిద్ధం చేసిపెట్టింది రత్నక్కే. “అక్క రాసిందప్పా, ఇంకేం చూసేది, ఎక్కించేయి” అన్నారు మేనేజరు. నిజానికి నాకూ అదే అనిపించింది. కానీ చేతులాడలేదు. కృష్ణగిరి నుంచి వచ్చే సహోద్యోగిని సెల్విని పిలిచి చదవమన్నాను. ఆ అమ్మాయి చదువుతుంటే లేచాను, కూర్చున్నాను, మెల్లగా చదవమని అకారణంగా కసిరాను. సగం దాటాక ఒక అడ్రసు వినగానే నా వేళ్ళు ఆగిపోయాయి. అది కొత్త షెడ్డు తూకం యంత్రాలకు ఫ్యాక్టరీవాళ్ళు ముందే ఇచ్చేసిన అడ్రసు.

“ఇంకోసారి చదువమ్మా” అన్నాను.

చదివింది. “అన్నా, ఇది అక్కే రాసినారు కదా” అంది.

అవును, ఆమే రాశారు. మళ్ళీ అదే తప్పు. దాన్ని సరిదిద్దేశాం. సోమవారం లారీలు ఆగలేదు.

ఈ సంగతి రాయవద్దని మేనేజరు వారించారు. “పోయిన మనిషి తప్పు రాసేది బాగుంటుందా” అన్నారు. ఏమీ పాలుపోక చాలా మథనపడ్డాను. ఇది వదిలేస్తే ఈ వ్యాసమంతా ఒట్టి పొగడ్తగా మిగులుతుంది. పొగడ్త మొదలైతే ఆమె లేచి టీకి వెళ్ళిపోయేవారు. తాను లేనప్పుడు కూడా తన తప్పును పట్టుకునే ఏర్పాటు చేసి వెళ్ళిన మనిషిని నేను మరొకరిని ఎరుగను. ఆ విదుషీమణి స్మృతికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

వచ్చే వారం కొత్తవాళ్ళు చేరుతున్నారు. మొదటి రోజు వాళ్ళకు చెప్పవలసిన తప్పులు ఇప్పుడు రెండు. చెప్పవలసినవాణ్ణి నేను. ఆమెలా నవ్వుతూ చెప్పడం నాకు రాదు.