ఏడో అంతస్తులో రిబాత్

మదీనా నగరంలో, హోటల్ ఏడో అంతస్తున, మా ఉమ్రా యాత్ర ఏజెంటు మా ఐదుగురు ఆడవాళ్లను ఒక గదిలో, మగవాళ్లను ఇంకో గదిలో పెట్టాడు. నాకూ మా ఆయనకూ వేరే గది కావాలని అతనితో గట్టిగానే పోట్లాడాను. "దొరికితే చూస్తానమ్మా" అన్నాడు.

మూడో రోజు గది తుడవడానికొచ్చిన మహబూబ్‌బీ, రాయచోటి మనిషి, వరసగా ఉన్న మా ఐదు మంచాలు చూసి పకపకా నవ్వింది.

"ఈ జాగాలో వెనకటికి రిబాత్ ఉండెనంటక్కా. మొగుడు పోయినోళ్లు, పెళ్లే వద్దనుకున్నోళ్లు ఈడ చేరి, నమాజు చేసుకుంటా, ఖురాన్ చదువుకుంటా బతికేవాళ్లంట. అందరి మీదా ఒక పెద్దామె. మొగోడు గడప తొక్కేదానికి లేదు. మా కఫీల్, అదే నన్ను పన్లో పెట్టుకున్న అరబ్బు సేటు, వాళ్ల జేజి చెప్పింది. ఇప్పుడు చూడు, ఒక్క రాయన్నా మిగల్లేదు."

నాకు మనసు చివుక్కుమంది. మాలో పెద్దదైన కాసింబీ పెద్దమ్మ మాత్రం నా తలకు నూనె పెడుతున్న చెయ్యి ఆపకుండానే, "యాడికి పోయింది? ఈడనే ఉండాది కదా" అంది.

నిజమే. పెళ్లయ్యాక ఎవరికీ వండిపెట్టకుండా నేను గడిపిన మొదటి మూడు రోజులవి.

అంతలో తలుపు చప్పుడైంది. మా ఆయన. ఒక చేతిలో టీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో తన సూట్‌కేసు.

"మనకు వేరే గది దొరికింది. సర్దుకో, పోదాం" అన్నాడు సంబరంగా.

ఫ్లాస్కు అందుకున్నాను. వెనక మంచాల మీంచి నలుగురూ చూస్తున్నారు.

"గడప తొక్కొద్దండి" అన్నాను. "పెద్దామెను అడిగి చెప్తా."