ఆంటీ మడి మట్టి

ఆ కబురు అంకులే మా గార్డెన్ గ్రూప్‌లో పెట్టారు. "మీ ఆంటీ పొద్దున పోయింది. నిద్రలోనే." ఏప్రిల్ నెల, ఆఫీసులో మీటింగ్ నడుస్తోంది. ఫోన్ బోర్లా పెట్టేసి, అడిగినవాటన్నిటికీ సరేనంటూ కూర్చున్నాను. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఆవిడా నేనూ దాచిన సంగతి ఒకటుంది. ఇక దాన్ని మోయాల్సింది నేనొక్కదాన్నే.

ట్రాయ్ ఊళ్ళో, తలా ఒక మడి తీసుకుని పండించుకునే మా కమ్యూనిటీ గార్డెన్‌లో ఆవిడది నా పక్క మడి. కార్లకు వేసే రంగుల ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరయ్యారు. చీర మీద జాకెట్, కాళ్ళకు రబ్బరు బూట్లు, జాకెట్ జేబులో పీహెచ్ కాగితాలు. మట్టిని నీళ్ళలో కలిపి, కాగితం ముంచి, రంగు చూసి, "పులుపెక్కిపోయిందే నీ నేల, సున్నం వెయ్యి" అనేవారు. నేను వేసేదాన్ని కాదు. కోడ్ రాసుకునేదాన్ని, నాలుగు క్యాబేజీలకు ఇంత కెమిస్ట్రీ ఎందుకని నా పొగరు.

మూడేళ్ళ క్రితం ఒక ఫ్రెండ్ పెరట్లోంచి క్యాబేజీ నారు తెచ్చాను, వేళ్ళకున్న మట్టితో సహా. ఏది తెచ్చినా సగం పక్కింటికి ఇవ్వడం మనకు అలవాటు కదా, సగం ఆంటీకి ఇచ్చాను.

"ఎక్కడిదే ఈ మట్టి?" అన్నారు.

"మంచిదే ఆంటీ, వాళ్ళకి బాగానే పండుతోందట."

నిజానికి నేను అడగనే లేదు. ఇంకొకరు ఇస్తే ఆవిడ తీసుకునేవారు కాదు. నా మొహం చూసి తీసుకున్నారు.

జూలైలో నా మొక్కలు మధ్యాహ్నానికల్లా తలలు వేలాడేసేవి. నేల తడిగానే ఉండేది. తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ నిలబడేవి. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ "దిష్టే, డౌటే లేదు" అంది. ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు మడి చుట్టూ తిప్పాను. నిప్పుల్లో వేస్తే ఫైరింజన్ వస్తుందని అక్కడే మట్టిలో పారేశాను. ఆ ఆవాలు మొలిచాయి.

నెల తర్వాత ఆంటీ వాటిని చూసి ఇవేంటన్నారు. చెప్పాను. పడీ పడీ నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ ఒక ఆవ మొక్కను పీకారు. నవ్వు అక్కడే ఆగిపోయింది. దారంలా ఉండాల్సిన వేరు అల్లం ముక్కలా ఉబ్బి ఉంది. నా క్యాబేజీని పీకారు. వేళ్ళనిండా గడ్డలు, కుళ్ళు వాసన. తన మడిలోకి వెళ్ళి ఒకటి పీకారు. అదీ అంతే.

"పైన చూసి ఏం చెప్తావ్, పీకి చూడాలి" అనేది ఆవిడ ఎప్పుడూ అనే మాట. ఆరోజు మాత్రం గొంతు తగ్గించి అన్నారు. "దీన్ని క్లబ్‌రూట్ అంటారే. మొక్కతో పోయే రోగం కాదు, మట్టిలో ఉంటుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, నీ దిష్టి ఆవాలు, ఆ జాతిలో ఏది వేసినా పట్టుకుంటుంది. ఏదీ వెయ్యకపోతే ఏళ్ళకేళ్ళు పడుకుని కాచుకుంటుంది."

"మందు లేదా ఆంటీ?"

"లేదు. మేనేజ్ చేసుకోవడమే."

జబ్బు మొక్కలన్నీ కంపోస్ట్‌లో వెయ్యనీకుండా సంచుల్లో కట్టి చెత్తకు పంపించారు. రెండు మడుల్లోనూ సున్నం కలిపించారు. చిక్కుడు, వంకాయ తప్ప వేరే వద్దన్నారు. మడి దగ్గర బ్లీచ్ నీళ్ళ టబ్బు, బ్రష్షు పెట్టారు. "గుడికి వెళ్ళేప్పుడు కాళ్ళు కడుగుతావు కదా. ఇక్కడ బయటికొచ్చేప్పుడు బూట్లు కడుగు" అనేవారు. నేను మర్చిపోతే వెనక్కి పిలిచి మరీ కడిగించేవారు.

గార్డెన్ కమిటీ వాళ్ళు ఇది ఎవరి వల్ల వచ్చిందని అడిగారు. "నా మడిలోంచే. చూసుకోకుండా నారు వేశాను" అన్నారు ఆంటీ, నా వైపు చూడకుండా. తర్వాత నాతో, "నువ్వు కొత్తదానివి, నీ మడి లాగేసుకుంటారు. నన్నేం చేస్తారులే" అన్నారు. ఏం చెయ్యలేదు. అందరి కోసం ఆవిడ గార్డెన్ బల్లమీద పెట్టే చిక్కుడుకాయల్ని మాత్రం ఆ ఏడాది ఎవరూ ముట్టుకోలేదు. సాయంత్రం ఆ సంచి మళ్ళీ భుజాన వేసుకుని వెళ్ళేవారు. నేను చూస్తూ ఊరుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది, అప్పుడూ ఇప్పుడూ.

మే నెలలో గార్డెన్‌లోనే ఆవిడ సంస్మరణ పెట్టారు. నేను ఆలస్యంగా వెళ్ళేసరికి అంకుల్ బల్లమీద పేపర్ కప్పుల్లో వరసగా సర్దిన తులసి మొక్కల్ని వచ్చినవాళ్ళకి ఒక్కోటి ఇస్తున్నారు. ఆంటీ బేస్‌మెంట్‌లో లైట్ల కింద పెంచిన నారు.

"తన మడి మట్టిలోనే పెట్టానమ్మా. అందరిళ్ళకీ తను కొంచెం కొంచెం వెళ్తుంది" అన్నారు.

కప్పుల మీద చెయ్యి అడ్డం పెట్టాను. "ఆ మట్టి ఇవ్వకూడదు అంకుల్."

"తులసికి రాదమ్మా ఆ జబ్బు. తనే చెప్పింది."

"తులసికి రాదు. మట్టితో వెళ్తుంది." అందరూ నా వైపు తిరిగారు. "దాన్ని తెచ్చింది ఆంటీ కాదు. నేను."

అంకుల్ ఎవరికో ఇవ్వబోతున్న కప్పును మళ్ళీ బల్లమీద పెట్టేశారు. "చెప్పలేదే తను" అన్నారు, అంతే. ఒక్కొక్కరూ తమ చేతిలోని కప్పు తెచ్చి బల్లమీద పెట్టారు. అంకుల్ లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టారు. ఒకటి తక్కువైంది. పిల్లల క్లాసులున్నాయని కొందరు అప్పటికే వెళ్ళిపోయారు. గ్రూప్‌లో ఎన్నిసార్లు అడిగినా ఎవరూ బదులివ్వలేదు.

అందుకే ఈ నాలుగు మాటలు మన పత్రికకు రాస్తున్నాను. ఆ తులసి మీ ఇంట్లో ఉంటే దయచేసి నేలలో నాటకండి, ఆ మట్టి పెరట్లో పొయ్యకండి. నాకు ఫోన్ చెయ్యండి, వచ్చి తీసుకెళ్తాను. ఆంటీ ఆ రోగాన్ని మా రెండు మడులు దాటనివ్వకుండా మూడేళ్ళు కాపలా కాశారు, నా పేరును కూడా.

ఆరోజు అందరూ వెళ్ళాక బల్ల తుడవబోయాను. చివర, ఆ కప్పు ఉండాల్సిన చోట, గుండ్రంగా తడి మట్టి మరక.