ఊరు లేచిన ఏడు

పానిగ్వక్ మంచు కరిగే రోజుల్లో, దారిలో వేసిన గుడారంలో పుట్టింది. అప్పట్లో ఉత్తరపు మంచు సీమలో ఉండే యూపిక్ తెగ కుటుంబాలు చేపల కాలానికి ఒకచోట, వేట కాలానికి ఇంకోచోట ఉండేవి. తర్వాత సర్కారు నది ఒడ్డున బడి కట్టి, పిల్లల్ని తప్పకుండా పంపాలంది. దాంతో అందరూ బడి చుట్టూ ఇళ్ళు వేసుకుని స్థిరపడ్డారు. పానిగ్వక్ అక్కడే పెళ్ళాడి, పిల్లల్ని కని, ముసలిదైంది గాని ఏనాడూ కుదురుగా కూర్చున్నది లేదు.

ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేల ఇప్పుడు కరిగిపోయి, నది ఒడ్డును కోసేస్తోంది. ఊరంతా ఎగువన మెరకకి మారాలని తేల్చారు. అందరికంటే ముందు మూట కట్టింది పానిగ్వక్కే. తీరా పడవ ఎక్కే రోజున భర్త వసీలీ సమాధి దగ్గర నిలబడిపోయింది.

"నిన్నటిదాకా కాలు నిలవడం లేదన్నావు. ఇప్పుడేమైందమ్మా?" అంది కూతురు మత్రోనా.

"మీ నాన్న నాలా కాదే. ఆయన లేచి రాలేడు."

"నది గడ్డకట్టాక సమాధులన్నీ తవ్వి, పెట్టెల్ని స్లెడ్ల మీద మంచులో లాక్కొస్తామన్నారుగా."

"అప్పటిదాకా ఆగుతానని నది నీతో చెప్పిందా?"

మత్రోనా కూడా ఆగిపోయింది. ఖాళీ ఊళ్ళో తల్లీకూతుళ్ళిద్దరే ఎండు చేపలు తింటూ గడిపారు. గాలివాన వచ్చినప్పుడల్లా పానిగ్వక్ పరుగెత్తి, ఒడ్డు ఎంత మిగిలిందో చూసి, లోపలికొచ్చి, మళ్ళీ బయటికి పోయేది. చివరికి నది గడ్డకట్టింది. మగవాళ్ళొచ్చి వసీలీ పెట్టెను తవ్వి తీసి, స్లెడ్డుకి కట్టారు. "ఎక్కి కూర్చో అవ్వా" అన్నా ఆమె వినలేదు. పెట్టె మీద చెయ్యి వేసి, కొత్త ఊరిదాకా పక్కనే నడిచింది.