చెరకు లారీలు ఒక్కొక్కటిగా రావు

మా కంప్యూటర్ సైన్స్ విభాగంలో ప్రతి గురువారం మధ్యాహ్నం ఒక ప్రసంగం ఉండేది. బయటినుంచి ఎవరో ఒకరు వచ్చి తమ పరిశోధన గురించి గంటసేపు చెప్పేవారు. దానికి పరీక్ష లేదు గాని క్రెడిట్ ఉంది. రిజిస్టరులో సంతకం చేయాలి, విన్నదాని మీద అరపేజీ రాసివ్వాలి, ఏడాది ముగిసేలోగా ఒక్కసారైనా లేచి ప్రశ్న అడగాలి. మొదటి రెండూ నాకు తేలికే. మూడోదాన్ని మాత్రం ప్రతి గురువారం పై వారానికి వాయిదా వేసేదాన్ని.

మాది దక్షిణాఫ్రికాలో చెరకు తోటల మధ్య ఉన్న స్టాంగర్. నాయన చెరకు లారీ నడిపేవాడు. నేను డర్బన్‌లో చదువుకుంటూ సిడెన్‌హామ్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. దేశమంతా కలిసి మొదటిసారి ఓటు వేసి ఏడాది దాటింది. ఒకప్పుడు మా ఇండియన్లకే కట్టిన ఆ కాలేజీలో ఇప్పుడు జులూ పిల్లలూ మాతోపాటు కూర్చునేవారు. ప్రసంగాలకు వచ్చేవాళ్లు మాత్రం ఇంకా ఎక్కువమంది తెల్లవాళ్లే. వాళ్లముందు నా ఇంగ్లీషు ఎక్కడ జారుతుందోనని చివరి వరసలో కూర్చునేదాన్ని. నా పక్కన, నల్లవాళ్ల పేట ఉమ్లాజీ నుంచి వచ్చే ఒకమ్మాయి కూర్చునేది. ఆమెదీ అదే భయం.

చలికాలం చివర్లో ఒక గురువారం, తల నెరిసిన ప్రొఫెసర్ ఒకాయన వచ్చాడు. చక్కెర మిల్లు దగ్గర లారీలు గంటల తరబడి ఎందుకు ఆగిపోతున్నాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రోగ్రాం రాశానన్నాడు. అంతవరకూ అరపేజీ కోసమే వింటున్నదాన్ని నిటారుగా కూర్చున్నాను. ఆయన తెరమీద గీతలు చూపిస్తూ, "లారీలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయనుకుందాం" అన్నాడు. చివర్లో ఒక చిక్కు కూడా ఒప్పుకున్నాడు. ప్రోగ్రాం చెప్పే క్యూ చిన్నది, మిల్లువాళ్లు రాసుకున్న క్యూ చాలా పెద్దది. బహుశా మిల్లు గుమాస్తాలు సమయాలు సరిగా రాయడంలేదేమో అన్నాడు.

"అలా రావు" అన్నాను, నాలో నేను అనుకున్నట్టు. ఉమ్లాజీ అమ్మాయి విన్నది. "నీకు తెలుసు కదా. లేచి చెప్పు" అని మోచేత్తో పొడిచింది.

లేచాను. "సర్, లారీలు ఒక్కొక్కటిగా ఎందుకు వస్తాయనుకున్నారు?"

ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "మరెలా వస్తాయి?"

"గుంపుగా వస్తాయి. మట్టి కొండదారిలో ఒక బండి దిగబడితే వెనకబండి తాడు కట్టి లాగాలి. అందుకే నాలుగైదు బండ్లు నిండేదాకా ఆగి కలిసి బయల్దేరతారు. తోటలన్నిటిలో లోడింగ్ ఒకే వేళకు మొదలవుతుంది కాబట్టి గుంపులన్నీ ఒకేసారి మిల్లుకు చేరతాయి. పొద్దు వాలాక యార్డు ఖాళీ."

"నీకెలా తెలుసు?"

ఆ గదిలో ఆ మాట నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. "మా నాన్న ఆ లారీ నడుపుతాడు సర్."

ఆయన తన చేతిలోని పెన్ను నా వైపు చాచాడు. "వచ్చి గీసి చూపించు." నేను ముందుకు నడిచి, ప్రొజెక్టరు మీది ప్లాస్టిక్ కాగితంపై ఆయన గీత పక్కనే నా గీత గీశాను. ఆయన రెండు గీతలనూ పోల్చి చూసి, "గుమాస్తాలు సరిగానే రాశారన్నమాట" అన్నాడు. తర్వాత మా లెక్చరర్ వైపు తిరిగి, ఏడాది చివరి ప్రసంగం ఈ అమ్మాయికే ఇవ్వమని అడిగాడు.

ఆ శనివారం ఇంటికి వెళ్లి నాయనకు చెప్పాను. "పెద్ద ప్రొఫెసరుకి ఈమాత్రం తెల్లేదేటి?" అన్నాడు. అలా అంటూనే సోమవారం తెల్లారి నన్ను లారీలో కూర్చోబెట్టుకుని తిప్పాడు. ఏ తోటలో ఎప్పుడు లోడింగ్, ఏ మలుపులో ఎవరు ఎవరికోసం ఆగుతారు, అన్నీ రాయించాడు. మిల్లు గేటు దగ్గర లైన్లో నిలబడి, "ఈ మిల్లోడు రోజూ చేచా చేచా అంటాడు. యెలబ్బా తొందరగా ఎల్లడం? ముందర యిన్ని బండ్లుంటే?" అని నవ్వాడు. నేను ఆ సమయాలన్నీ తీసుకుపోయి, ఆరు వారాలు లాబ్‌లో కూర్చుని, ప్రొఫెసరు ఇచ్చిన ప్రోగ్రాం తిరగరాశాను. లారీలను గుంపులుగా పంపేసరికి తెరమీద క్యూ పెరిగి పెరిగి, మిల్లువాళ్లు రాసుకున్న దాని పక్కన సరిగ్గా వచ్చి ఆగింది. ఉమ్లాజీ అమ్మాయి నా కుర్చీని పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

నా ప్రసంగం నాటికి మూడు రోజులుగా వాన. తడిస్తే చెరకు కొట్టరు, లారీలు కదలవు. అందువల్ల నాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చిన్నమ్మను వెంటబెట్టుకుని ముందు వరసలోనే కూర్చున్నాడు. మొదటి బొమ్మ దగ్గర కాగితం చూసే చదివాను గాని, రెండో బొమ్మ దాటాక ఆ గది నాదే అయింది. తోటల్లో లోడింగ్ వేళలు రెండుగా విడగొడితే క్యూ ఎంత తగ్గుతుందో చూపించి ఆపాను. ప్రశ్నలున్నాయా అని లెక్చరర్ అడిగితే నాయనే చెయ్యెత్తాడు.

"మరి శుక్రోరం?" అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో. "ఆ రోజు అందరూ ఇంటికెళ్లాలని తొందరపడతారు. అది లెక్కలో యేసుకున్నావా?"

వేసుకోలేదు. ఆ మాటే చెప్పాను. గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. తల నెరిసిన ప్రొఫెసర్ శుక్రవారం అని తన పుస్తకంలో రాసుకున్నాడు. టీ తాగేటప్పుడు ఆయన, నాయన కిటికీ దగ్గర నిలబడి ఆ కొండదారి మలుపుల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. చిన్నమ్మ నా చెంప నిమిరి, "ఎంత బాగా మాటాడినావే" అంది.

మరుసటి సీజనులో మిల్లువాళ్లు రెండు వేళల పద్ధతి పెట్టి చూశారు. అది నిలబడింది. నేను ఆ ప్రొఫెసరు దగ్గరే పైచదువుకు చేరాను. ఒక ఆదివారం ఇంటికి వెళ్తే నాయన ముఖం సీరియస్‌గా పెట్టుకుని ఫిర్యాదు చేశాడు.

"లైన్లో ఓ కునుకు తీసేవోణ్ణి. ఇప్పుడు కన్ను మూసేలోగా నా వంతు వచ్చేత్తంది."