చెన్సు మామయ్య ఫ్రీజర్ లెక్క

మా చెన్సు మామయ్య ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించేవాడు కాదు. తిన్నగా వెనక వరండాలోకి వెళ్ళి, అక్కడున్న పెట్టె ఫ్రీజర్ మూత ఎత్తి, తల లోపలికంటా దూర్చి, సంతోషంగానో దిగులుగానో ఒక మూలుగు మూలిగి, ఆ తర్వాత బయటికొచ్చి "ఏం, బాగున్నారా?" అనేవాడు. బాగున్నారో లేదో అప్పటికే ఆయనకి తెలిసిపోయేది.

ఆయన బుర్రలో ఉన్నది ఒకటే ప్రశ్న. మా ఊళ్ళో మాల్టావాళ్ళు బాగా బతుకుతున్నారా, బాస్కులు బాగా బతుకుతున్నారా? ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ ఉత్తర భాగంలో, ఎటు చూసినా చెరకు తప్ప ఇంకేమీ కనపడని ఊరు మాది. చెరకు నరకడానికి ఓడలెక్కి వచ్చిన కూలీల మనవలం మేమంతా. మాల్టా దీవి నుంచి వచ్చిన తాతలూ, స్పెయిన్‌లోని బాస్కు కొండల నుంచి వచ్చిన తాతలూ ఒకే పొలంలో పక్క పక్క సాళ్ళు పట్టి నరికేవారట. పొద్దు గూకేవేళకి ఎవరు ముందున్నారా అని నడుము ఎత్తి చూసుకునేవారట. తాతలు పోయారు. కూలీల పిల్లలు పొలాలు కొన్నారు, ట్రాక్టర్లు కొన్నారు, ఆ పోటీ సంగతే మరిచిపోయారు. మామయ్య ఒక్కడే ఇంకా ఆ సాలులోనే ఉండిపోయాడు.

చర్చి రికార్డుల్లో ఆయన పేరు విన్సెంట్ గ్రిష్టి. మాల్టా భాషలో ముద్దుగా చెన్సు. ఊరంతా మాత్రం సెన్సస్, అంటే జనాభా లెక్క, అనేవారు. వాళ్ళు వెక్కిరింపుగా అన్నా ఆయన బిరుదులాగే పుచ్చుకున్నాడు.

"ఇల్లు చూసి మోసపోకే అమ్మాయ్," అని నాకు పాఠం చెప్పేవాడు. "ఇంటికి రంగు అప్పు చేసైనా వేయించొచ్చు. కారు బ్యాంకువాడిది. ఫ్రీజర్‌లో కుందేలు మాత్రం ఎవడి కుందేలు వాడిదే."

ఈ సిద్ధాంతానికి బాస్కుల దగ్గర చిన్న చిక్కొచ్చి పడింది. వాళ్ళు సాసేజీలు ఫ్రీజర్‌లో పెట్టరు, షెడ్డు దూలాలకి వేలాడదీస్తారు. మామయ్య దాన్ని కుట్రగానే భావించాడు.

"ఆస్తి దాచేస్తున్నారు, బావా!"

"అవి ఆరాలి, బావా," అనేవాడు మా నాన్న ఓపిగ్గా.

"ఆరబెట్టడం వంక. లెక్కకి దొరక్కూడదన్నది అసలు సంగతి."

మా నాన్న జెనారో బాస్కు. అమ్మ మామయ్యకి సొంత చెల్లెలు. వాళ్ళ పెళ్ళికి మామయ్య అడ్డుపడ్డాడట. కులం గొడవ లేదు, మతం గొడవ లేదు, ఇద్దరిదీ ఒకే చర్చి. ఆయన అభ్యంతరమల్లా పుట్టబోయే పిల్లల్ని ఏ వైపు రాసుకోవాలన్నదే. నేను పుట్టాక ఆ చిక్కు ఆయనే తేల్చేశాడు. లెక్కల్లో నాకు మంచి మార్కులొస్తే అది మాల్టా రక్తం. చరిత్రలో తప్పితే, "మీ నాన్న వైపు వాళ్ళకి తారీఖులు గుర్తుండవులే" అనేవాడు. నాన్న నాకు ఎదుర్నె అని పేరు పెట్టాడు. వాళ్ళ భాషలో దాని అర్థం మంచు. మా ఎండల్లో మంచు కనిపించేది ఫ్రీజర్ గోడలకే కాబట్టి, మామయ్య ఆ పేరుకి మాత్రం వంక పెట్టలేదు.

కారు నడిపేటప్పుడు ఆయన కళ్ళు రోడ్డు మీద ఉండేవి కావు. అటు బాస్కులు బదియోలా వాళ్ళ చెరకు ఎంత ఎత్తు లేచిందో, ఇటు మనవాళ్ళది ఎంత లేచిందో చూస్తూ చూస్తూ కాలవలోకి దించేసేవాడు. చివరికి పోలీసాయన లైసెన్సు లాగేసుకున్నాడు. "పోలీసాయన భార్య బాస్కు," అన్నాడు మామయ్య. అంతే, అంతకు మించి విచారణ లేదు. అప్పట్నుంచి ఆయనకి డ్రైవర్ని నేనే అయ్యాను.

అందరికీ ఒళ్ళు మండే అలవాటు ఇంకోటి ఉండేది. ఎవరో ఒకరింట్లో ఫ్రీజర్ మూత ఎత్తిన రెండు రోజులకి, ఒక బుట్టెడు కుందేలు మాంసమో, పెద్ద ట్రేలో కాల్చిన మాకరోనీయో పట్టుకుని వాళ్ళింటికి దిగేవాడు.

"మా ఫ్రీజర్‌లో చోటు చాలట్లేదమ్మా. మావాళ్ళకి మరీ ఎక్కువైపోయింది. మీదెలాగూ ఖాళీయేగా, కాస్త పెట్టుకోండి."

ఆ మాటకి తిట్టుకోనివాళ్ళు లేరు. తిట్టుకుంటూనే తినేవారు. ఈయనకి గొప్పలు చెప్పుకోకపోతే నిద్రపట్టదని నేనూ అనుకునేదాన్ని.

ఒక ఏడాది నవంబరులో, చెరకు కోత సీజను ఆఖరి రోజుల్లో, బెగోన్యా ఊర్బెరువాగా కోత యంత్రం పొలం మధ్యలో తగలబడిపోయింది. బెగోన్యా మామయ్య ఈడు బాస్కు మనిషి. భర్త పోయాక రెండేళ్ళుగా ఒక్కతే సేద్యం చేస్తోంది. ఆ ఇంటిపేరు పలికేలోగా మావాళ్ళు ఒక సాలు నరికేస్తారని మామయ్య ఆవిణ్ణి ఎప్పుడూ ఏడిపించేవాడు. బీమా డబ్బు రావడానికి నెలలు పడుతుంది. మిల్లేమో శనివారం సాయంత్రంతో మూసేస్తామంది. వానలు ముంచుకొస్తున్నాయి. ఈలోగా తెగని చెరకు ఇంక ఆ ఏటికి పొలంలోనే.

బుధవారం సాయంత్రం మామయ్యని వాళ్ళింటికి తీసుకెళ్ళాను. మామూలుగానే తిన్నగా వెనక వరండాలోకి నడిచాడు. మూత ఎత్తాడు. మూలుగు కోసం నేను చెవి ఒగ్గాను. వినపడలేదు. దగ్గరికెళ్ళి తొంగి చూశాను. ఫ్రీజర్ ఆపేసి ఉంది. వైరు చుట్ట చుట్టి పైన పెట్టి ఉంది. లోపల దుప్పట్లు మడతపెట్టి సర్ది ఉన్నాయి.

వెనకనుంచి బెగోన్యా గొంతు వినిపించింది. "చూశావుగా. పో, ఊరంతా చాటు."

"ఏముందని చాటను?" అన్నాడు మామయ్య మూత మెల్లగా దించుతూ. "దుప్పట్లు బాగున్నాయి. ఉన్నివా?"

"ఉన్నివే."

"ఎంత నిలిచిపోయింది?"

"ఏటి పక్కనున్న పొలం చెక్క మొత్తం."

"శనివారం మిల్లు మూసేస్తారు."

"నాకు తెలీదా? అమ్మేస్తాను. బ్యాంకువాడు ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు."

"మేమొచ్చి కోసిపెడితే?"

"నా పొలంలో అడుగు పెట్టావంటే కాళ్ళు విరగ్గొడతా. బెగోన్యా ఇంకా అడుక్కునే స్థితికి రాలేదు."

ఆవిడ అలాంటిదే. భర్త పోయినప్పుడు ఊరంతా గిన్నెల్లో వండి పట్టుకెళ్తే, వారం తిరక్కుండా ప్రతి గిన్నె నిండా వండి వెనక్కి పంపింది. పరామర్శకి వెళ్ళినవాళ్ళమే బరువు పెరిగాం. అలాంటి మనిషికి సాయం ఎవరు చెయ్యగలరు?

మామయ్య ఒక్క క్షణం నేల చూశాడు. ఉన్నట్టుండి వరండా అదిరిపోయేలా అరిచాడు.

"ఇది అన్యాయం! ఒట్టి మోసం!"

నేను ఉలిక్కిపడ్డాను. బెగోన్యా కూడా ఉలిక్కిపడింది.

"పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మీతో పోటీ పడుతున్నాను. ఈ ఏడే కదా మేం గెలవబోయేది! ఇప్పుడు నువ్వు పొలం అమ్మేస్తే మీవాళ్ళు ఏమంటారు? 'బెగోన్యా యంత్రం కాలిపోబట్టి గెలిచారు గానీ, లేకపోతేనా' అనరూ? నా గెలుపుకి మసి పూస్తావా?"

"నీ గెలుపు తగలెయ్య! నేనిక్కడ పొలం పోగొట్టుకుంటుంటే..."

"అదే చెప్తున్నా! లెక్క తేలేదాకా పోగొట్టుకునే హక్కు నీకు లేదు. రేపు పొద్దున్నే నా యంత్రం తెస్తాను. నీ కోసమని అనుకునేవు, నా కోసం. థాంక్సూ గీంక్సూ అన్నావంటే మర్యాద దక్కదు."

బెగోన్యా ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

"కాఫీ కూడా పొయ్యను," అంది చివరికి.

"పోస్తే తాగేదెవరు?"

కారెక్కాక "క్లబ్బుకి పోనీ" అన్నాడు. అక్కడ బాస్కులు పేకాడుకుంటున్న బల్ల దగ్గరికెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"రేపు ఊర్బెరువాగా చెరకు మాల్టావాళ్ళు కోస్తున్నారు. మీరూ రండి, చూద్దురుగాని. కుర్చీలు తెచ్చుకోండి."

వాళ్ళలో ఉన్న మా నాన్న పేకముక్కలు బల్ల మీద కొట్టాడు. "కుర్చీలా?"

మర్నాడు తెల్లారి మేం వెళ్ళేసరికే బదియోలా వాళ్ళ యంత్రం పడమటి గట్టున పొగ వదులుతోంది. మామయ్య యంత్రం తూర్పు గట్టున దిగింది. ఆ మూడు రోజులూ ఊళ్ళో ఇంకో మాట లేదు. ఎవరు ఎన్ని మిల్లు రైలు బోగీలు నింపారన్నదే గొడవ. బాస్కుల బోగీల్లో ఆకులే ఎక్కువని మామయ్య అరుపు. మాల్టావాళ్ళ బోగీల్లో మట్టే ఎక్కువని నాన్న అరుపు. బెగోన్యా ఇద్దర్నీ తిట్టింది.

శనివారం మధ్యాహ్నానికి కొండ మీద మబ్బు నల్లగా దిగింది. ఏటి మలుపు దగ్గర చిత్తడి నేలలో కాస్త ముక్క మిగిలింది. అందులోకి యంత్రం దిగితే కూరుకుపోతుంది. ఎవరో షెడ్డులోంచి పాత కత్తులు తెచ్చారు. ముసలాళ్ళంతా చొక్కాలు విప్పి సాళ్ళలోకి దిగారు.

"వెనకబడ్డావు బావా!" అని అరిచాడు నాన్న.

"నేను నేలకంటా నరుకుతున్నాను బావా. నువ్వు నడుము దగ్గర నరుకుతున్నావు. తీపంతా మొదట్లో వదిలేసి ముందుకు పోతే గొప్పేంటి?"

వీళ్ళిలా వాదించుకుంటుండగా బెగోన్యా కత్తి పట్టుకుని ఇద్దర్నీ దాటి వెళ్ళిపోయింది. చినుకులు మొదలయ్యాయి. ఆఖరి గడ బోగీలో పడింది. మిల్లు రైలు కూత వేసి కదిలింది. మలుపు తిరిగేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాం. తర్వాత అందరం ఆ వానలోనే, బురదలోనే కూలబడి పిచ్చివాళ్ళలా నవ్వాం.

బెగోన్యా పెద్ద కెటిల్‌తో కాఫీ పట్టుకొచ్చింది. "ఇది థాంక్స్ కాదు," అంది.

"కాదు కాబట్టే తాగుతున్నా," అన్నాడు మామయ్య.

మర్నాడు చర్చి నుంచి వస్తుంటే నాన్న కారు మామయ్య పొలం పక్కన ఆపాడు. పల్లపు చెక్కలో చెరకు నిండుగా నిలబడి, వానకి తడుస్తోంది.

"ఇదేంటి నాన్నా, కొయ్యలేదా?"

"ఎప్పుడు కోస్తాడు? ఆ మూడు రోజులూ ఆయన యంత్రం ఎక్కడుంది?"

నేను ఆ చెరకు వైపు మళ్ళీ చూశాను.

"ఏమే ఎదుర్నె, ఇన్నేళ్ళు కారు నడిపావు," అన్నాడు నాన్న నవ్వుతూ. "ఫ్రీజర్ నిండుగా ఉన్న ఇంటికి మీ మామయ్య కుందేళ్ళు పట్టుకెళ్ళడం ఎప్పుడైనా చూశావా?"

ఆలోచించాను. ఒక్కసారి కూడా చూడలేదు.

సీజను ముగింపు విందు రోజు క్లబ్బులో మామయ్య గ్లాసు మీద చెంచాతో కొట్టి లేచాడు. "ఒప్పుకుంటున్నాను. ఈ ఏడు బాస్కులే బాగా బతికారు. మావాడొకడి చెరకు నిలిచిపోయింది." మొహంలో ఓడిపోయిన కళే లేదు. పైగా రెండోసారి వడ్డించుకున్నాడు.

బెగోన్యా తన బల్ల దగ్గర్నుంచి లేచి నేరుగా ఆయన ముందుకొచ్చింది. "ఆ ఒకడెవడో నాకు తెలిసింది."

"కావాలనే ఉంచాను. రెండేళ్ళ గడ లావుగా ఊరుతుంది."

"రెండేళ్ళ గడ నేలకొరిగి ఎలకలపాలవుతుంది."

"మరి మాల్టావాళ్ళ ఎలకలు బాస్కుల ఎలకల కంటే బాగా బతకొద్దా?"

క్లబ్బంతా గొల్లుమంది. బెగోన్యా నవ్వలేదు. "జూన్‌లో కోతలు మొదలయ్యేసరికి నాకు కొత్త యంత్రం వస్తోంది. ముందు దింపేది నీ పల్లపు చెక్కలోనే."

"అక్కర్లేదు."

"నీ కోసమని ఎవరన్నారు? 'పాత చెరకు ఉండిపోబట్టి ఓడాం' అని వచ్చే ఏడు నువ్వు సాకులు చెప్తావు. నా గెలుపుకి మసి పూస్తే ఊరుకుంటాననుకున్నావా?"

మామయ్య పళ్ళెం పక్కకి తోశాడు. మా నాన్న వైపు తిరిగాడు.

"విన్నావా బావా! మీవాళ్ళు ఎంత మొండివాళ్ళో!"

"మరి మీవాళ్ళో?"

మామయ్య ఆ ప్రశ్నని నిజంగానే తూచి చూశాడు. కాసేపటికి ఆయన మొహం వెలిగిపోయింది.

"మేం ఇంకా మొండివాళ్ళం," అని గ్లాసెత్తాడు. "రాసుకోండి, ఇందులో మాత్రం మేమే ముందు!"